ఉత్త డబ్బా ఎట్ల పంపేది

నమోదు 1

గొలుసు ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో పనిచేసేవాళ్ళు రాసిపెట్టాలని, మాకు తిండి పంపే కూడలి నియమం. రాసింది ఎవరూ చదవరు. చదివే నాథుడే ఉంటే ఇదివరకు నేను రాసిన తిట్లకు ఈపాటికి నా పని ఊడి ఉండాలి. కాబట్టి నాకు తోచినట్టే రాస్తాను.

పేరు సుంకమ్మ. ఊరు నాపగుంత. ఒకప్పుడు ఇది నాపరాయి తవ్విన గని. పైన ఎండ మనిషిని నిలబడనీయని కాలం వచ్చాక మా ముత్తాతలు గుంత మీద గాజు కప్పు వేసుకుని లోపల కాపురం పెట్టారు. రాయి కోసిన మెట్లే మా వీధులు. నా పని గుంత అడుగున గొలుసు నడపడం, ఆగితే విప్పి బాగుచేయడం. ఎవరూ నేర్పలేదు. విప్పాను, వేళ్ళు నలిగాయి, అర్థమైంది.

గొలుసు అంటే బావి గిలకలాంటిదే, కాకపోతే ఊరంత పెద్దది. అడుగునుంచి పై మెట్టుదాకా ఒకపక్క ఎక్కుతుంది, ఇంకోపక్క దిగుతుంది. కూడలి నుంచి సొరంగంలో బండి వస్తుంది; వండిన ముద్ద, కూర, కాస్త గింజలూ సరుకులూ వేరువేరు పెట్టెల్లో ఉంటాయి. బండిలోని నిండు పెట్టెలను నేనూ, నాతో పనిచేసే బజారన్నా కొక్కేలకు తగిలిస్తాం. అవి ఎక్కుతుంటే ఇంటింటివాళ్ళూ కిటికీ తెరిచి తమ పెట్టెలు తీసుకుంటారు. తిన్నాక దిగే పక్క కొక్కేనికి ఖాళీ పెట్టె తగిలిస్తారు. అడుగున కాటా ఉంది. దానికి తెలిసింది ఒక్కటే: ఖాళీ పెట్టె ఖాళీగా ఉండాలి. రవ్వంత బరువున్నా గొలుసు ఆగిపోతుంది. గొలుసు ఆగితే ఊరంతా ఆకలితో కిటికీల్లోంచి నన్ను తిడుతుంది.

ఈరోజు ఆగిన కారణం: ఖాళీ పెట్టెలో కరివేపాకు.

నిన్నా కరివేపాకే. మొన్న పచ్చిమిరపకాయలు. పొద్దున్నుంచి తీయడం, నడపడం, మళ్ళీ ఆగడం.

"ఎవురో మంచి మర్యాదస్తులు మే," అన్నాడు బజారన్న, రెమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని. "వాసన సూడు, ఇప్పుడే తుంచినట్ల ఉండాది."

"వాసన నువ్వు సూసుకో. నేను పోయి ఆ మర్యాద చేతులు ఇరగ్గొట్టి వస్తా."

పెట్టెల మీద గుర్తు పై మెట్టుది. రేపు ఎక్కుతాను.

నమోదు 2

ఎక్కాను. పిక్కలు పట్టేశాయి. పై మెట్టులో వెలుతురు ఎక్కువ, వేడి ఎక్కువ. అడుగువాళ్ళెవరూ అక్కడికి ఎక్కరు. ఎక్కే పనే లేదు, అన్నీ గొలుసే తెస్తుంది కదా. నేను చిన్నప్పుడెప్పుడో చూశాను. ఇంత పచ్చగా ఉంటుందని మరిచేపోయాను. రాతి అంచు పొడవునా మళ్ళు, మిరప, గోగాకు, సిర్రాకు, గోడవార కరివేప. రాతి ఊటనీళ్ళు కాలువ కట్టి ఉన్నాయి.

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలామె మడిలో కూర్చుని కలుపు తీస్తోంది. పేరు పీరమ్మ. ఆ మెట్టు మీద అందరికీ పెద్ద.

"అవ్వా, ఖాళీ డబ్బాలో కరేపాకు ఏసేది నువ్వేనా?"

"నేనే పాపా. సాలలేదా ఏం? ఇంగ రెండు రెమ్మలు ఏయమంటావా?"

"సాలకపోవడమేంది! నీ కరేపాకుకు గొలుసు నిలబడిపోతాంది. ఉత్త డబ్బా పంపల్ల. ఉత్తది!"

ఆమె చేతిలో కలుపు పక్కన పెట్టి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఉత్త డబ్బా ఎట్ల పంపేది మే? వాళ్ళు అన్నం పెట్టి పంపినారు. మనం ఉత్త డబ్బా పంపితే ఏమనుకుంటారు? ఈ మెట్టు మీద మనుషులు లేరా అనుకోరూ?"

"ఎవురు అనుకునేది?"

"పంపినోళ్ళు."

పంపినోళ్ళట! బండి ఒక పగలూ ఒక రాత్రీ నడిస్తే వచ్చేంత దూరంలో, సొరంగం ఆ చివర, ఇనుప చేతులు పెట్టెలు నింపుతాయి. ఆ సంగతి చెప్పాను.

"ఆడ మనుషులు లేరవ్వా. మిషన్లు."

"మిషన్ అయితే మాత్రం? అన్నం పెట్టింది గదా."

తిట్టడానికి ఎక్కినదాన్ని, ఆమె పక్కన కూర్చుని కలుపు పీకాను.

మొన్నటిదాకా పై మెట్టువాళ్ళు తాము పండించిన దాంట్లోంచి కొంత వండుకునేవాళ్ళు. ఇప్పుడు కూడలి దాన్ని ఆపించింది. కోసిందంతా తాళం తట్టల్లో వేసి గొలుసు మీద దింపాలి. అది బండెక్కి కూడలికి పోతుంది, కడిగి, పెట్టెల్లో పెడితే తిరిగి వస్తుంది, పండించినవాళ్ళకు కూడా. పీరమ్మ తన పెట్టె తెరిచి చూపించింది. లోపల ఆకు నల్లబడి, నానిన కాగితంలా ఉంది.

"ఇది నా సిర్రాకే పాపా. కాడ సూడు, నేను గోరుతో గిల్లుతా, కత్తితో కోసింది ఇట్లుండదు. బిడ్డను ఊరికి పంపితే జబ్బు పడి ఇంటికొచ్చినట్ల ఉండాది."

నమోదు 3

కిందికి వస్తుంటే అవ్వ నా కొంగులో గోగాకు, మిరపకాయలు కట్టి పంపింది. ఉత్త చేతులతో ఎట్ల పోతావు అంది. ఈమెకు ఈ జబ్బు కుదరదు.

బజారన్న తినడానికి భయపడ్డాడు. భయం ఉంటుంది. కల్తీ ఏటి కథ ప్రతి ఇంట్లోనూ ఉంది. ఎవడో ఏదో కలిపిన తిండి తిని మెట్టుకు మెట్టే పడిపోయిన ఏడాది అది. ఆ తర్వాతే కూడలి వచ్చింది. తిండి కూడలి గుండానే రావాలన్నారు, పెట్టెలు పెట్టారు, ప్రతి పెట్టె అడుగున ఒక పట్టీ అతికించారు. తిండిలో విషముంటే పట్టీ నల్లబడుతుంది.

"మా చిన్నాయన ఆ ఏడే పోయినాడు మే," అన్నాడు. "కూడలి ముద్ర లేని కూడు నోట్లో పెట్టనని మా నాయన ఒట్టు పెట్టుకున్నాడు."

గోగాకును ఒక ఖాళీ పెట్టెలో వేసి మూత పెట్టాను. ఇద్దరం ఎదురుగా గొంతుక్కూర్చున్నాం. తీశాను. పట్టీ తెల్లగా ఉంది.

"కూడలి చేసే పరీక్ష కూడా ఇదే గదా అన్నా. ఇదే పట్టీ."

"ఇదేనా?"

"పట్టీలు మార్చేది నేనే. ఇదే."

పెట్టెలో వచ్చిన సంగటి ముద్దను మళ్ళీ వేడి చేశాం. మిరపకాయలు కాల్చి, గోగాకు మగ్గబెట్టి, ఉప్పేసి గొలుసు సుత్తితోనే నూరాం. కడిగిన సుత్తే. బజారన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చెంపలు బిగుసుకున్నాయి. కళ్ళల్లో నీళ్ళు.

"ఏమన్నా, కారమా?"

"పులుపు మే. పచ్చాకు పులుపు ఇట్లుంటాదని నాకెవురూ చెప్పలే."

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయడానికి సరిపోదు. ఈ ఆకు రోజూ మా అందరి కిటికీల ముందునుంచే దిగుతోంది. చెయ్యి చాపితే అందే దూరంలో. తాళం వేసిన తట్టలో. అది దేశం తిరిగి, చచ్చి, మా నోట్లోకి వస్తోంది.

నమోదు 4

ఫణిసారు మాట్లాడాడు. శేషఫణి. కూడలిలో మా గుంత చూసే అధికారి. మనిషిని ఎప్పుడూ చూడలేదు, కాటా పక్కన గోడలో గొంతు వస్తుంది. మర్యాదస్తుడు. మర్యాదగానే చెప్పాడు.

పై మెట్టు మూసేస్తున్నారు. వచ్చే అమావాస్య దాటగానే రాయి కోసే మిషన్ వస్తుంది, మళ్ళు తవ్వేసి అక్కడ చల్లగది కడతారు. పండించేవాళ్ళను కూడలి షెడ్లకు పంపిస్తారు. పీరమ్మను కూడా.

"ఏంటికి సార్?"

"మీ పంట ఇక్కడికి వచ్చేసరికి వాడిపోతోందమ్మా. పైగా మీ గొలుసు తరచూ ఆగుతోంది."

"వాడిపోయేది దోవలో సార్. ఈడ కోసినప్పుడు బో బాగుంటాది. దోవ తగ్గించండి."

"దోవ తగ్గించలేం కదమ్మా. అందుకే పంట తగ్గిస్తున్నాం."

ఆ గోడను సుత్తితో కొట్టాను. గోడకు ఏమీ కాలేదు.

పీరమ్మకు చెప్పడానికి మళ్ళీ ఎక్కాను. విన్నది. ఏడవలేదు. "షెడ్లలో మన్ను ఉంటాదా?" అని మాత్రం అడిగింది. ఉండదు. అక్కడ మొక్కల వేళ్ళు నీళ్ళల్లో వేలాడతాయి. ఆ మాట చెప్పలేక మెట్లు దిగిపోయాను.

నమోదు 5

ఇది నాకు గొలుసుకు నూనె పెడుతుంటే తట్టింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

కాటా చూసేది అడుగుకు చేరిన పెట్టెను. దోవలో పెట్టెలో ఏముందో దానికి తెలియదు. పై మెట్టునుంచి దిగే పెట్టె ప్రతి కిటికీ ముందునుంచే వస్తుంది. అందులో ఉన్నదాన్ని దోవలోనే ఎవరైనా తీసుకుంటే, అడుగుకు వచ్చేసరికి పెట్టె ఖాళీ. గొలుసు ఆగదు. గోడకు తెలియదు, అది ఫణిసారు మాట్లాడేటప్పుడే వింటుంది.

ఖాళీ పెట్టెల్లో ఆకు నింపి పంపమని పై మెట్టుకు కబురు పెట్టాను. గొలుసు నడిచే ఈ బావిలో అరిస్తే పైదాకా వినబడుతుంది. అరిచాను.

"మాట వినండి! ఇయ్యాల్టి నుంచి దిగే డబ్బాలు తెరిచి సూడండి! ఏముంటే అది తీసుకోండి! పట్టీ తెల్లగుంటే తినండి, నల్లగుంటే నాకు పంపండి!"

ఏదో మెట్టునుంచి ఒక ఆడగొంతు: "ఎవురు పంపినారు?"

"పీరమ్మవ్వ!"

"పీరమ్మవ్వ ఎవురు?"

పైనుంచి సన్నగా, తువ్వాలు సర్దుకుంటున్నట్టుగా, పీరమ్మ గొంతు: "నేనే తల్లీ! నీ నెత్తి మీదనే ఉండా, ఇన్నేండ్లుగా!"

బావి మొత్తం నవ్వింది. రాతి గోడలకు తగిలి ఆ నవ్వు అడుగుదాకా వచ్చింది.

మొదటి పూట భయపడి చాలామంది తీసుకోలేదు. సిర్రాకు, మెంతాకు అలాగే దిగివస్తుంటే, కాటాకు చేరకముందే బజారన్న పరుగెత్తి పెట్టెలు కుమ్మరించాడు. సాయంత్రానికి ఆయన అలసి పడిపోయాడు, ఆకుల కుప్ప మీదే. మర్నాడు కుమ్మరించే పని సగమైంది. ఆ మర్నాడు బజారన్న కూర్చుని బీడీ కాల్చుకున్నాడు.

నమోదు 6

గొలుసు ఆగలేదు. ఆగనప్పుడు రాయనక్కరలేదు, అయినా రాస్తున్నాను.

ఇంకో వింత. కింది మెట్లవాళ్ళకు కూడా పీరమ్మ జబ్బే పట్టుకుంది. ఆకు తీసుకుని ఊరుకోలేరు కదా. ఎక్కే పక్క కొక్కేలకు ఏదో ఒకటి కట్టి పై మెట్టుకు పంపుతున్నారు. చింతపండు. మళ్ళకు ఎరువు చేసుకోమని కూరల తొక్కు, పొయ్యి బూడిద. నారుకు నీడ కట్టుకోమని పాత చీర. ఎవరో తోడు మజ్జిగ పంపారు, సగం నా నెత్తిన పడింది. తిట్టాను. పైనుంచి "పుల్లగుందా తియ్యగుందా?" అని అడిగారు.

ఇప్పుడు బావిలో రోజంతా మాటలే.

"అవ్వా! నాకు ఎర్రగోగాకు పంపు, తెల్లది ఒద్దు!"

"ఇంట్లో బాలింత ఉండాది, మెంతాకు ఉండాదా?"

"రేపటికి ఉంటాది! ఇయ్యాల గిల్లితే మొక్క సస్తాది, ఓపిక పట్టు!"

పీరమ్మ ఇప్పుడు అడిగినదాన్ని బట్టి విత్తనం వేస్తోంది. తట్టల్లోకి పోయేది తగ్గిపోయింది, పెట్టెల్లోకి పోయేది పెరిగింది. ఒక బాలింత కోసం ఒక మడి మొత్తం మెంతులు చల్లింది. ఇన్నేళ్ళూ ఆమె ఎవరికోసం పండించిందో ఆమెకు తెలియదు, మేం ఎవరి చేతి కూడు తిన్నామో మాకూ తెలియదు. ఇప్పుడు పేర్లు తెలుసు.

గోడ మాట్లాడింది. గొలుసు ఒక్కసారి కూడా ఆగనందుకు నాపగుంతకు కూడలి అభినందనలు చెప్పింది. బజారన్న గోడకు దణ్ణం పెట్టాడు. కానీ అమావాస్య మాట మారలేదు.

నమోదు 7

గొలుసు ఆగింది. కారణం: నిండు పెట్టెలు.

అనుకోలేదు ఇది. పచ్చటి కూర రుచి తెలిసినవాళ్ళకు కూడలి పెట్టెలో నల్లబడ్డ కూర ఇక దిగడం లేదు. ముద్ద తిని కూర పెట్టె అలాగే వెనక్కి పంపుతున్నారు. కాటా ప్రతి పెట్టెకూ ఆగుతోంది. అభినందనలు ఎటు పోయాయో!

"తిననిది ఏంటికి తీసుకుంటాండారు?" అని బావిలోకి అరిచాను.

"పెట్టినోళ్ళను ఒద్దనడం బాగుంటాదా?" అని ఎవరో మర్యాదస్తుడు.

"నా నడుము ఇరగడం బాగుంటాదా? కూర ఒద్దనుకునేటోళ్ళు ఒద్దని చెప్పండి!"

చెప్పారు. ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క మెట్టు. మేము కూర పెట్టెలను కొక్కేలకు తగిలించనే లేదు. బండిలోనే ఉంచేశాం. వచ్చిన కూర వచ్చినట్టే బండిలో తిరిగిపోయింది.

బండి పోయాక బజారన్న నా వైపు చూశాడు. "సుంకీ, ఇప్పుడు గోడకు తెలుస్తాది."

"తెలియనీ."

నమోదు 8

అమావాస్యకు ముందే వచ్చాడు. స్వయంగా. ఫణిసారు గొంతు కన్నా పొట్టిగా ఉన్నాడు. ఒంటినిండా లోపల చల్లగాలి తిరిగే చల్లబట్టలు, బండి వెనక రాయి కోసే మిషన్. పెద్దది, దాని పళ్ళు నా చెయ్యంత పొడవు.

"దీన్ని పై మెట్టుకు ఎక్కించండి," అన్నాడు.

దాన్ని ఎక్కించే దోవ గొలుసు ఒక్కటే. గొలుసు నడిపేది మేమిద్దరమే.

"ఎక్కించను సార్."

"చూడమ్మా, నిన్ను తీసేసి ఇంకొకర్ని పెడతాను. ఊరి క్షేమం కోసం చెబుతున్నాను. కల్తీ ఏడు మీకు గుర్తులేదా? ముద్ర లేని తిండి తినిపిస్తున్నావు నువ్వు."

అప్పుడు బజారన్న లేచాడు. ఆయన ఎప్పుడూ లేచి మాట్లాడే మనిషి కాదు. కొక్కెం దగ్గరికి పోయి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, కాలు వేసి ఎక్కి కూర్చున్నాడు.

"మా చిన్నాయన సచ్చింది ఆ ఏడే సార్. నాకు గుర్తుండాది. ఆ కూడు కలిపినోని మొగం మాకెవురికీ తెలీదు. యాడ్నుంచో వచ్చింది, తింటిమి. ఇప్పుడు పీరమ్మవ్వ మొగం ఊరందరికీ తెలుసు. ఆమె తప్పు చేస్తే బావిలోకి అరిచి అడుగుతాం. నిన్ను యాడ అడగల్ల, గోడనా?"

ఫణిసారు పైకి చూశాడు. కిటికీలన్నీ తెరుచుకుని ఉన్నాయి. ప్రతి కిటికీలోనూ తల. చూస్తున్నారంతే. దిగే పక్క కొక్కేలకు ఒక్కొక్క మెట్టునుంచీ మనుషులు చేతులు వేసి పట్టుకున్నారు. మోటారు పెట్టినా గొలుసు కదలదు.

"సరే," అన్నాడు ఆయన, మర్యాదగానే. "బండి ఆపేస్తాను. ధాన్యం లేదు, పప్పు లేదు, నూనె లేదు. ఆకులతో ఎంతకాలం బతుకుతారో చూస్తాను. మిషన్ ఇక్కడే ఉంటుంది. మీరే ఎక్కిస్తారు."

బండి పోయింది. సొరంగం లైట్లు ఆర్పేశాడు. మిషన్ అడుగున పళ్ళు బయటపెట్టుకుని కూర్చుంది.

నమోదు 9

బండి ఆగకముందు వచ్చిన జొన్నలు అయిపోవచ్చాయి. ఉన్నదాన్ని ముసలివాళ్ళకు, పాలిచ్చే తల్లులకు మాత్రం ఇస్తున్నారు. మిగతావాళ్ళకు ఆకు. ఉడికిన ఆకు, వేయించిన ఆకు, ఆకు నీళ్ళు.

"మేకలం అయిపోతాండాం సుంకమ్మా!" అని ఒకామె బావిలోకి అరిచింది. ఎవరూ నవ్వలేదు. నిన్నటిదాకా నన్ను చూసి చెయ్యి ఊపినవాళ్ళు కిటికీ మూసుకుంటున్నారు. ఒకాయన మిషన్ దగ్గరికి వచ్చి దాని చక్రాలు తడిమి చూసి పోయాడు. నేను చూశానని ఆయనకు తెలుసు.

పీరమ్మ కబురు చేసింది: ఊరు ఆకలితో పడేకన్నా తనను షెడ్లకు పంపేయమని, మిషన్‌ను ఎక్కించమని. మళ్ళకు నీళ్ళు కూడా ఆపేసిందట.

ఆ మాటకు నాకు దుఃఖం రాలేదు, పిచ్చికోపం వచ్చింది. సొరంగం ముందు నిలబడి లోపలికి నోటికొచ్చినట్టు తిట్టాను. కూడలిని, ఫణిసారును, వాడి చల్లబట్టలను. తిట్టినదంతా తిరిగి నా మీదికే వచ్చింది, చీకట్లోంచి, చాలాసేపటికి.

బండి తిరిగే రోజుల్లో సొరంగంలో అడుగు పెట్టినవాడు లేడు. పెడితే నుజ్జే. ఎప్పుడూ ఏదో ఒక బండి పరుగెడుతూనే ఉండేది. ఇప్పుడు బండి లేదు. సొరంగం చల్లగా, నిశ్శబ్దంగా, ఖాళీగా ఉంది. సొరంగం ఒక్క కూడలికే పోదు. పోయే దోవలో గుంతలున్నాయి. మాలాంటివే.

వాడు మా దోవ మూసేశాననుకున్నాడు. దోవ తెరిచిపోయాడు, తెలివితక్కువ సన్నాసి.

"బజారన్నా! పట్టాల తోపుడుబండి యాడుండాది?"

నమోదు 10

పై మెట్టుకు నీళ్ళు మళ్ళీ పెట్టించి, కోయగలిగినదంతా కోయించి, తోపుడుబండి నింపాం. గోగాకు, మిరపకాయలు, సొరకాయలు, కరివేపాకు. నేను తోశాను, బజారన్న దీపం పట్టుకున్నాడు. పొద్దున బయలుదేరితే ఎండ నెత్తికెక్కే వేళకు అవతల వెలుతురు కనిపించింది. గువ్వలగుంత. దాని పేరు బండి మీద చదివిందే కానీ ఎప్పుడూ చూడలేదు.

వాళ్ళ గొలుసు మనిషి ఓబులేసు గడ్డపార ఎత్తి నిలబడ్డాడు.

"ఎవురు మీరు?"

"నాపగుంతోళ్ళం."

"నాపగుంతలో మనుషులుండారా?"

"లేకపోతే నేను దయ్యమా?"

"అట్ల గాదక్కా. డబ్బాల మీద నాపగుంత అని రాసుంటాది. మనుషులుండారని యాడా రాయలే." గడ్డపార దించాడు. తోపుడుబండిలోకి తొంగిచూశాడు. ఒక మిరపకాయ కొరికి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, ఇంకోటి కొరికాడు.

వాళ్ళ పై మెట్టు మాదానికన్నా వెడల్పు, నీళ్ళు తక్కువ. అక్కడ కొర్రలు పండుతాయి. కొర్రలన్నీ కూడలికే పోయేవి. మా గుంతకు బండి ఆపినప్పుడు దారిలో ఉందని వాళ్ళకు కూడా ఆగిపోయింది. ఫణిసారు ఆ సంగతి ఆలోచించలేదు. ఆ గుంతలో కొర్రలు కుప్పలుగా పడి ఉన్నాయి. కూర లేక, ఉత్త కొర్రన్నం తినలేక మొగాలు వాడిపోయి ఉన్నాయి.

"మాకు గింజ లేదు ఓబులేసూ. మీకు కూర లేదు."

అంతే మాట్లాడాను. బేరం లేదు, తూకం లేదు. గువ్వలగుంత ఆడవాళ్ళు మా బండిలోని కూర దింపుకుని, బండి నిండా కొర్రల బస్తాలు పేర్చారు. ఒకామె పైన ఇంకో బస్తా పెడుతుంటే బజారన్న వద్దన్నాడు, తోయలేమని. "తోయలేకపోతే మావాళ్ళు తోస్తారు," అంది ఆమె. ఓబులేసు, ఇంకో నలుగురు మాతోపాటు తోసుకుంటూ వచ్చారు.

నాపగుంత సొరంగం నోటికి వచ్చేసరికి అడుగంతా జనం. బస్తా చూసి ఎవరూ కేకలు వేయలేదు. ఒకాయన, మిషన్ చక్రాలు తడిమి చూసిన ఆయనే, ముందుకు వచ్చి మొదటి బస్తా భుజానికెత్తుకుని గొలుసుకు తగిలించాడు. అప్పుడు లేచింది కేక. బావి నిండా. గాజు కప్పు అదిరిందని పీరమ్మ తర్వాత చెప్పింది.

నమోదు 11

అమావాస్య దాటింది. మళ్ళు ఉన్నాయి. మిషన్ ఇంకా అడుగునే ఉంది, దాని పళ్ళకు జనం తడిబట్టలు ఆరేసుకుంటున్నారు.

ఓబులేసువాళ్ళు అవతలి గుంతకు పోయారు, అక్కడ నువ్వులున్నాయట. నూనె తీసే గానుగ ఇంకో గుంతలో ఉందట. సొరంగంలో ఇప్పుడు తోపుడుబండ్ల రాకపోకలు. ఎదురెదురుగా వస్తే ఎవరు పక్కకు జరగాలని గొడవలు కూడా మొదలయ్యాయి. చాలా సంతోషంగా ఉంది.

గోడ మాట్లాడింది. చాలాకాలం తర్వాత.

"సుంకమ్మగారూ."

గారూ!

"చెప్పండి సార్."

"పెట్టెలు తీసుకునే గుంతలు తగ్గిపోయాయి. ఇక్కడ షెడ్లలో సరుకు కుళ్ళిపోతోంది. బండి... పంపవచ్చా?"

"పంపండి. ఉప్పు పంపండి, సబ్బు పంపండి, మందులు పంపండి. పట్టీలు పంపండి, అయిపోతాండాయి. కూర ఒద్దు. చీకటి పడినాక పంపండి, పగలు సొరంగం మాది."

గోడలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"పై మెట్టు మూసివేత రద్దు చేస్తున్నాం," అన్నాడు.

"మీరు రద్దు చేసేదేంది సార్, అది ఎప్పుడో రద్దయింది. సరే, రాసుకోండి మీ తృప్తికి."

బజారన్న బావిలోకి అరిచి చెప్పాడు. ఎక్కడా ఆగకుండా, ఆ మాటను ఒక్కొక్క మెట్టూ పై మెట్టుకు అందించింది. పైనుంచి పీరమ్మ జవాబు దిగివచ్చింది: ఇప్పుడు నాట్లు వేస్తున్నాను, సంబరం తర్వాత చేసుకుందాం, ముందు ఎవరైనా వచ్చి నీళ్ళు తోడండి అని. పదిమందికి పైగా ఎక్కారు. అడుగువాళ్ళు. పిక్కలు పట్టేసినా.

నమోదు 12

గొలుసు ఆగింది.

కారణం: పొద్దున్నే నడిమి మెట్టు రంగమ్మ చేతిలో ఒక వంకాయ పట్టుకుని అడుగుకు వచ్చింది. కోసి ఉంది. లోపల పురుగు, బతికే ఉంది. పట్టీ తెల్లగానే ఉంది, పురుగు విషం కాదు కదా. ఇది ఎవరు పండించారో చెప్పమంది. పీరమ్మ అన్నాను. అంతే, బావిలోకి తలపెట్టి మొదలెట్టింది.

"ఏమే పీరమ్మా! ఇదేనా నువ్వు పంపే వంకాయ? పురుగులకు పెంచుతాండావా, మనుషులకు పెంచుతాండావా?"

"పురుగుకు నచ్చింది, నీకు నచ్చలేదా రంగమ్మా? నీకన్నా పురుగుకే రుచి తెలుసు!"

"నోరు ఊరుకోదు గానీ చెయ్యి మాత్రం ఊరుకుంటాదా? పొద్దున లేచి ఆకులు తిరగేసి సూడాలని తెలీదా?"

"నువ్వు ఎక్కొచ్చి తిరగెయ్యి! కూర్చుని తినేటోళ్ళకు నోరు బో పెద్దది!"

"ఎక్కుతా! ఎక్కుతా ఉండు! నేను పట్టిన పురుగులన్నీ నీ కొంగులోనే కడతా!"

"రా! మజ్జిగ తీసుకురా, వచ్చేటప్పుడు! ఈడ ఎండగా ఉండాది!"

ఊరంతా కిటికీల్లో వేలాడుతూ వింటోంది. పెట్టెలు తీసుకునే చెయ్యి ఒక్కటీ లేదు. కొక్కేలన్నీ నిండుగా తిరిగి వస్తుంటే నేనే గొలుసు ఆపేసి, బజారన్న పక్కన కూర్చుని విన్నాను. రంగమ్మ నిజంగానే మెట్లెక్కడం మొదలుపెట్టింది, తిట్టుకుంటూ, మజ్జిగ చెంబుతో.

బాగుచేయవలసింది: ఏమీ లేదు.